నల్లమలలో ఒక రోజు... పన్నెండు అరటిపళ్ళు!

అడవి అనగానే మన సినిమా అభిమానులకి ముందు గుర్తొచ్చేది 1977లో వచ్చిన ‘అడవి రాముడు’. రామారావుగారూ, ఆ ఏనుగులూ! అది తీసింది తమిళనాడు ముదుమలై అడవుల్లో, మచ్చికైన ఏనుగులతో అని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అయినా చిన్నప్పుడు టీవీలో చూసిన ఆ సినిమా పుణ్యమా అని, మనం అడవిలోకి వెడితే చాలు, జంతువులు వచ్చి ఎంట్రీ ఇస్తాయన్న భ్రమ మాత్రం నన్ను వదల్లేదు. మొన్న జనవరిలో వదిలింది!

తెల్లవారుజామున 5 గంటలకి హైదరాబాదులో కారెక్కాం. నేనూ, నా మిత్రుడూ, వాడి పదేళ్ళ కొడుకూ. శ్రీశైలం రోడ్డు మీద ఆమనగల్లులో డజను అరటిపళ్ళు కొన్నాను. మాకు కాదండోయ్, దారిలో కనిపించే కోతులకి! పుణ్యానికి పుణ్యం, ఫోటోకి ఫోటో.

మొదటి మజిలీ అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం. శ్రీశైల క్షేత్రానికి ఇది ఉత్తర ద్వారం. కొండ చరియని ఆనుకుని గుడి, రాతి సందుల్లోంచి జారే చల్లని నీళ్ళు. పాపనాశనం అంటారు. దోసిలి పట్టి తాగితే పొద్దుటి నిద్రమత్తంతా దిగిపోయింది.

అక్కణ్ణించి మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అసలు అడవి. ఫరహాబాద్‌లో అటవీశాఖ జీపెక్కాం. నిజాం కాలంలో ఇది వేటకొచ్చే చోటు. ఆనాటి విడిది శిథిలాలు ఇంకా ఉన్నాయి. 1983లో ఈ అడవి పులుల సంరక్షణ పథకంలోకి వచ్చింది. రాష్ట్రం రెండయ్యాక తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది. విస్తీర్ణం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు! తుపాకీలు తిరిగిన దారిలో ఇప్పుడు కెమెరాలు తిరుగుతున్నాయన్నమాట.

మా గైడు చెంచు కుర్రాడు. 1958 నాటి ‘చెంచులక్ష్మి’లో నరసింహస్వామి చెంచుల అల్లుడు కదా, ఇక్కడ శ్రీశైలం మల్లన్న అల్లుడు! చెంచు పిల్లని పెళ్ళాడాడు గనక ఆయన వీళ్ళకి ‘చెంచు మల్లయ్య’. అంటే ఈ అడవి వీళ్ళ ఇల్లు. మనం చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళం.

ఒక మలుపులో జీపు ఆగింది. దూరంగా నీటికుంట. ఐదారు చుక్కల జింకలు భయంభయంగా నీళ్ళ వైపు వస్తున్నాయి. డ్రైవరు ఇంజనాపేశాడు. నాకేమో చెయ్యి దురద!

“ఇంకాస్త దగ్గరికి పోనివ్వు బాబూ. కావాలంటే ఓ రెండొందలు ఎక్కువిస్తా” అన్నాను.

ఆ కుర్రాడు నావైపు తిరిగి, గొంతు తగ్గించి అన్నాడు: “మనం దగ్గరికి పోతే అవి తాగకుండనే ఉరుకుతయి సార్. మీకు ఫోటో దొరుకుతది, వాటికి దూప మిగుల్తది.”

నా రెండొందలూ జేబులోనే ఉండిపోయాయి. జింకలు తాపీగా నీళ్ళు తాగి వెళ్ళాయి. పులి కనిపించలేదు. నిజం చెప్పొద్దూ, కనిపించలేదన్న బాధ కూడా లేదు.

మధ్యాహ్నం వటవర్లపల్లి దగ్గర మళ్ళి మల్లెలతీర్థం వెళ్ళాం. దాదాపు 350 మెట్లు దిగాలి. (ఎక్కేటప్పుడు లెక్క ఇంకా ఎక్కువనిపిస్తుంది!) వానాకాలం వెళ్ళాక కొన్ని నెలలే దీనికి అందం. నల్లరాతి మీంచి తెల్లగా జారే ఆ నీళ్ళు చివరికి కృష్ణమ్మలో కలుస్తాయి. జలపాతం కింద ఒక జట్టు కుర్రాళ్ళు స్పీకరులో పాట పెట్టి రీల్స్ తీసుకుంటున్నారు. ఒకతను తలకి షాంపూ పట్టించాడు. పొద్దున్న జింకలు గుర్తొచ్చాయి. ఆ నురగ వెళ్ళేది కిందనున్న ఏ జింక నోటికో కదా! పొద్దుటిదాకా నేనూ ఆ జట్టులోవాణ్ణే గనక, వాళ్ళకి చెప్పడానికి నోరు రాలేదు. మా మిత్రుడు వెళ్ళి నెమ్మదిగా చెబితే, పాపం, పాట ఆపేశారు.

రాత్రి 9 నుంచి పొద్దున్న 6 దాకా అడవి రోడ్డు మూసేస్తారు గనక సాయంత్రమే బయల్దేరాం. ముందు కారులోంచి ఎవరో అరటిపండు విసిరారు. అవతలి గట్టు మీంచి ఓ పిల్ల కోతి రోడ్డుకి అడ్డంగా ఒక్క దూకు దూకింది. ఎదురుగా బస్సు! కీచుమని బ్రేకు... కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి పిల్లని పొట్టకి కరిపించుకుని తల్లి చెట్టెక్కుతోంది. బతికింది. కానీ పండు పడే చోటికి రేపూ వస్తుంది. బస్సూ వస్తుంది. అడవిలో పళ్ళు తిని గింజలు చల్లాల్సిన కోతిని రోడ్డు పక్క ముష్టికి కూర్చోబెట్టింది మన పుణ్యమే!

“అంకుల్, మన అరటిపళ్ళు ఎప్పుడేద్దాం?” అన్నాడు వెనక సీట్లోంచి బుడ్డోడు.

అప్పటికి ఆ సంచి నా ఒళ్ళోనే ఉంది. మన్ననూరు దాటాక టీకొట్టు దగ్గర ఆగి, ఆ పన్నెండూ మేం ముగ్గురమే తినేశాం. తలో నాలుగు! తొక్కలు కూడా సంచిలోనే వేసుకుని ఇంటికి తెచ్చాం.