రౌతు, గుర్రం, దారి

పుస్తకాల గురించి మాట్లాడుకునే చోట కార్ల ప్రసక్తి ఏమిటని మిత్రులకు అనిపించవచ్చు. దీనికి నెపం ఒక పుస్తకమే. న్యూజిలాండ్ పాత్రికేయుడు ఓయిన్ యంగ్ 2003లో వెలువరించిన ‘ఫోర్జా ఏమన్!’ అనే జీవితచరిత్రను ఈ చలికాలంలో మరోసారి చదివాను. కథానాయకుడు క్రిస్ ఏమన్ 1943లో పుట్టిన బుల్స్ అనే చిన్న ఊరు మా పామర్‌స్టన్ నార్త్‌కు అరగంట దూరం. గొర్రెల రైతు ఇంట పుట్టి, 19 ఏళ్లకే ఫార్ములా వన్ పందేలలో దిగినవాడు. 1966లో బ్రూస్ మెక్‌లారెన్‌తో కలిసి లె మాన్స్ 24 గంటల పందెం గెలిచాడు. ఆపైన మూడేళ్లు ఫెరారీ జట్టుకు నడిపాడు. అయినా ప్రపంచ ఛాంపియన్‌షిప్ గ్రాండ్ ప్రి ఒక్కటి కూడా గెలవకుండానే విరమించాడు. గెలవనివాడి కథ కనుకనే అది సాహిత్యానికి దగ్గరగా ఉంటుంది.

నన్ను ఎక్కువగా ఆకర్షించింది మాత్రం పందేలు ముగిశాక ఆయన చేసిన పని. పొలానికి తిరిగివచ్చిన ఏమన్‌ను టొయోటా న్యూజిలాండ్ సంస్థ పిలిచి, మామూలు సంసారుల కార్ల సస్పెన్షన్‌ను ఇక్కడి గతుకుల దారులకు, మలుపులకు తగినట్టు సవరించే బాధ్యత అప్పగించింది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం మా ఊళ్లోనే ఉంది. పక్కనే ఫీల్డింగ్‌లో 1973లో మొదలైన మ్యాన్‌ఫీల్డ్ పందేల మైదానం ఇప్పుడు ఆయన పేరే మోస్తోంది. సామాన్యుడు కొనగల బండిలో కూడా నడపడంలోని ఆనందం ఉండాలన్న ఆలోచన, ఆ విధంగా, ఈ ప్రాంతానికి పరాయిది కాదు.

అందుకే ఇక్కడ నలుగురు చేరినచోట ఒక వాదం తరచు వినిపిస్తుంది. ఈనాటి చవక స్పోర్ట్స్ కార్లు ఆనాటి వాటికి సాటి వస్తాయా అని. ఈ వాదంలో నాకు పుట్టుకతో వచ్చిన పక్షపాతం లేదు. నేను పెరిగిన కాకినాడలో కారంటే అంబాసిడర్, కాకపోతే ఫియట్. గేరు మార్చే కాడ స్టీరింగు పక్కన ఉండేది. అది మరీ మొరాయిస్తే డ్రైవరు దిగి, బానెట్ ఎత్తి, ఏదో తిట్టుకుంటూ సరిచేసేవాడు. ఇద్దరే కూర్చునే, పైకప్పు తీసేసే కారు సినిమాల్లో కథానాయకుడికి మాత్రమే ఉండేది. కాబట్టి పాత కార్లమీద ఇక్కడివారికున్న బెంగ నాకు అరువు తెచ్చుకున్నదే.

ఆ అరువు ఈమధ్య మా ఇంట్లోకే వచ్చింది. ఇక్కడే మాసీ విశ్వవిద్యాలయంలో పశువైద్యం చదివి నిరుడు ఉద్యోగంలో చేరిన మా అమ్మాయి, మొదటి జీతాలు కూడబెట్టి ఒక మాజ్దా కొంటానంది. సగం డబ్బు నన్ను అప్పుగా అడిగింది. ఆమె దృష్టిలో రెండు బళ్లు ఉన్నాయి. ఒకటి 1990 నాటి యూనోస్ రోడ్‌స్టర్. రెండోది అదే వంశంలో నాలుగో తరానికి చెందిన ఎమ్‌ఎక్స్-5. మనసు మొదటిదానిమీద ఉందని చెప్పకనే చెప్పింది.

ముప్పయ్యైదేళ్ల జపాన్ కారు న్యూజిలాండ్‌లో ఒక కొత్త ఉద్యోగి చేతికి అందే ధరలో దొరకడం వెనుక చిన్న ఆర్థిక చరిత్ర ఉంది. 1980ల చివర్లో జపాన్‌లో వాడిన కార్ల దిగుమతిపై ఆంక్షలు సడలించారు. వారికీ మనకూ స్టీరింగు కుడివైపే కనుక మార్పుల బెడద లేదు. 1998లో కార్లపై సుంకం పూర్తిగా తొలగించారు. దేశంలో మిగిలిన కార్ల కర్మాగారాలు ఆ ఏడాదే మూతపడ్డాయి. వందలాది కుటుంబాల ఉపాధి పోయింది. జపాన్ యువకులు మోజుతీరి వదిలేసిన బళ్లు ఓడలకొద్దీ ఇక్కడికి చేరాయి. ఒకరి నష్టం మరొకరి యౌవనానికి వినోదమైంది.

ఇక పోలిక. ఈ కారు ఆలోచనను 1979లో మాజ్దా ఇంజనీరు కెనిచి యమమోతో ముందుంచినవాడు బాబ్ హాల్ అనే అమెరికన్ పాత్రికేయుడు. ఎమ్‌జీబీ వంటి బ్రిటిష్ తేలికపాటి కార్లు అంతరిస్తున్న కాలమది. తొషిహికో హిరాయ్ నాయకత్వంలో రూపొందిన బండి 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో కనిపించింది. 1.6 లీటర్ల ఇంజను, 120 అశ్వశక్తి, 940 కిలోల బరువు. దాని వెనుక ఉన్న సూత్రాన్ని జపనీయులు ‘జింబా ఇట్టాయ్’ అంటారు. రౌతూ గుర్రమూ ఒకటే కావడం. మనం ‘రౌతు కొద్దీ గుర్రం’ అని రౌతుకే పెద్దపీట వేశాం. వారు ఇద్దరినీ సమానం చేశారు.

2015లో వచ్చిన నాలుగో తరం కారు, జపాన్‌లో అమ్మే 1.5 లీటర్ల మౌలిక రూపంలో, 990 కిలోలు. పాతికేళ్లలో పెరిగింది 50 కిలోలు. ఇది ఎంత అరుదో తెలియాలంటే వోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐని చూడాలి. 1976లో 810 కిలోలున్న ఆ కారు ఎనిమిదో తరానికి 1,400 కిలోలు దాటింది. ధర విషయంలోనూ మన భావన తలకిందులవుతుంది. అమెరికాలో 1989లో మొదటి ఎమ్‌ఎక్స్-5 ప్రారంభ ధర 13,800 డాలర్లు. ధరల పెరుగుదలను లెక్కిస్తే 2023లో అది దాదాపు 34 వేలకు సమానం. ఆ ఏడాది అక్కడ కొత్త కారు 28 వేల పైచిలుకుకే మొదలైంది. అంటే ఈ తరహా కారు చవకైంది. తగ్గిపోయినవి దాని తోబుట్టువులు. నిస్సాన్ సిల్వియా 2002లో, టొయోటా సెలికా 2006లో, ఎమ్‌ఆర్2 వంశం 2007లో ఆగిపోయాయి.

రెండింటినీ పహియటువా ట్రాక్ మీద నడిపి చూశాం. ఊరినుంచి కొండెక్కి అవతలి లోయలోకి దిగే ఆ దారిలో వరుస మలుపులుంటాయి. పాత బండి స్టీరింగు రోడ్డులోని ప్రతి గరుకునూ అరచేతికి చెప్పింది. నాడి పట్టుకున్న వేళ్లకు తెలిసే రకం సమాచారమది. గంటకు 60 కిలోమీటర్లకే సన్నటి టైర్లు తమ హద్దు ఎక్కడుందో గొణగడం మొదలుపెట్టాయి. కొత్తదానికి విద్యుత్ సాయంతో తిరిగే స్టీరింగు. అది అబద్ధం చెప్పదు కానీ పొదుపుగా మాట్లాడుతుంది. దాని హద్దు ఎంత దూరమంటే, అక్కడికి చేరేసరికి చట్టం విధించిన హద్దు ఎప్పుడో దాటిపోతుంది. పాతవారు ‘ప్రాణం’ అనేది దీన్నే. వేగం కాదు, మామూలు వేగంలోనే హద్దు చేతికి తగలడం. ఆ ఒక్క విషయంలో పాత బండే మేలని నేను ఒప్పుకుంటాను.

అయితే ఇంకో రెండు మాటలు చెప్పుకోవాలి.

మొదటిది, పాతవాటిని మనం ఎలా తూస్తున్నామన్నది. పాతకాలం కథలన్నీ గొప్పవని మనకు అనిపించడానికి కారణం, ఆనాటి పత్రికల్లో అచ్చైన నాసిరకం కథల్ని కాలం చెత్తబుట్టలో వేసేయడమే. కార్లూ అంతే. అయిదు లక్షలకు పైగా తయారైన ఎమ్‌జీబీల్లో ఈనాడు తళతళలాడుతూ కనిపించేవి, యజమానులు ప్రాణంగా చూసుకున్నవి. తుప్పుపట్టినవి తుక్కుగా మారాయి. అంతకన్నా ముఖ్యం, ఆనాటి కార్లను పొగిడే జ్ఞాపకాలన్నీ బతికి బయటపడ్డవాళ్లు రాసినవి. ఏమన్ ఫెరారీలో చేరిన 1967లోనే ఆయన సహచరుడు లొరెంజో బందీని మొనాకోలో మంటల్లో చిక్కి, మూడు రోజులకు మరణించాడు. బందీని తన జ్ఞాపకాలు రాయలేదు. 1973లో న్యూజిలాండ్ రోడ్లమీద 843 మంది చనిపోయారు. అప్పటి జనాభా 30 లక్షలు. ఇప్పుడు జనాభా 50 లక్షలు దాటింది, మరణాలు అందులో సగానికన్నా తక్కువ. ఎముకల శస్త్రచికిత్స చేసే నాకు ఈ తేడా అంకెల్లో కన్నా తొడ ఎముకల్లో, ఛాతీల్లో ఎక్కువగా కనిపిస్తుంది. దీనికి రోడ్లు, చట్టాలు, ఆసుపత్రులు కూడా కారణమే. కానీ సీటుబెల్టూ ఎయిర్‌బ్యాగూ చేసిన మేలును నేను రోజూ చూస్తున్నాను. ఆ 1990 నాటి యూనోస్‌లో ఎయిర్‌బ్యాగ్ లేదు.

రెండోది, దారి సంగతి. మా అమ్మాయితో వాదన నిజంగా జరిగింది ఇక్కడే.

“భద్రత ఎక్కువైతే మనుషులు తెగిస్తారు నాన్నా. ఆ పాత కారులో నేను మీకన్నా నెమ్మదిగా వెళ్లాను, చూశారుగా,” అంది.

అది కొట్టిపారేసే మాట కాదు. అమెరికన్ ఆర్థికవేత్త సామ్ పెల్ట్‌జ్‌మన్ 1975లో ఇటువంటి వాదమే చేసి పెద్ద చర్చ లేపాడు.

“నీ తెగింపు నీ చేతిలో ఉంది తల్లీ. ఎదురొచ్చేవాడి బరువు నీ చేతిలో లేదు,” అన్నాను.

కాగితం మీద లెక్క వేసి చూపాను. మనావటు రోడ్లమీద ఎటు చూసినా ఫోర్డ్ రేంజర్, టొయోటా హైలక్స్ వంటి యూట్‌లే. ఒక్కోటి రెండు టన్నుల పైమాట. 2,100 కిలోల యూట్, 940 కిలోల చిన్న కారు గంటకు 80 కిలోమీటర్ల చొప్పున ఎదురెదురుగా ఢీకొని అతుక్కుపోతే, యూట్ వేగంలో మార్పు దాదాపు 50 కిలోమీటర్లు. చిన్న కారు వేగంలో మార్పు 110. శరీరాన్ని విరిచేది ఆ మార్పే.

ఆమె కాసేపు కాగితం చూసి, “మరి 990 కిలోలదానికీ ఇదే లెక్క కదా!” అంది.

ఆ మాట నిజం. కొత్త కారు భౌతికశాస్త్రం నుంచి తప్పించుకోలేదు. ఆ దెబ్బ శరీరాన్ని తాకే వ్యవధిని కొద్దిగా సాగదీస్తుంది, కాళ్లున్న చోటు నలిగిపోకుండా చూస్తుంది, జారబోయే బండిని ముందే సర్దుతుంది. నా వృత్తిలో ఆ ‘కొద్దిగా’ అన్నదానికి చాలా విలువ ఉంది. అయినా ఆమె ప్రశ్న నన్ను వదలలేదు. ఈ వాదంలో అందరం బళ్లను బళ్లతో పోలుస్తున్నాం. 1990లో ఆ చిన్న కారుకు ఎదురొచ్చినవి ఎక్కువగా తన ఈడువే, తన బరువువే. హిరోషిమా ఇంజనీర్లు పాతికేళ్లపాటు ఒక్కో గ్రామును లెక్కపెట్టుకుంటూ వచ్చారు. ఆ కాలంలోనే చుట్టూ ఉన్న లోకం టన్నుల్లో లావెక్కింది. గుర్రం అదే, రౌతు అదే. మారింది దారి. సన్నగా ఉండటం ఒకప్పుడు సరదా. ఇప్పుడది సాహసం. ఆ సాహసాన్ని వారిపై రుద్దుతున్నది భద్రత పేరిట పెద్ద బళ్లు కొనుక్కుంటున్న మనలాంటివాళ్లమే. నేను ఆసుపత్రికి వెళ్లే బండి బరువు కూడా 1,800 కిలోలు.

కాబట్టి నా జవాబు ఇది. ఈనాటి చవక స్పోర్ట్స్ కారు ఆనాటిదానికి సాటి వస్తుంది. బలంలో, బ్రేకుల్లో, మన్నికలో దాన్ని మించుతుంది కూడా. స్పర్శలో ఒక మెట్టు తక్కువ. ఆ మెట్టుకోసం ఒక బిడ్డ పక్కటెముకల్ని పందెం కాయమని నేను ఏ తండ్రికీ చెప్పను. పాత బండిని పాత గ్రంథంలా చూడాలి. ఎండ కాసిన ఆదివారం, వాహనాలు పలచగా ఉన్న వేళ బయటికి తీయాలి, లేదా అన్నీ ఒకేవైపు సాగే మ్యాన్‌ఫీల్డ్ మైదానంలో నడపాలి. రోజూ రెండుపూటలా ఉద్యోగానికి తీసుకెళ్లడానికి కాదు.

మా అమ్మాయి నాలుగో తరందే కొంది. నా లెక్కకు లొంగి కాదట, పాతదాని అడుగున తుప్పు కనిపించిందట. అప్పు ఇచ్చాను. ఇప్పుడు ఆమె నాకు పెట్టిన షరతు ఒకటుంది. ఈసారి నా బండి మార్చేటప్పుడు, బరువెంతో ముందు చూడాలి. ఆలోచిస్తున్నాను.