సాందక్‌ఫు ఇంకా ఆరు కిలోమీటర్లే!

మా నాన్న ముప్ఫై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపాడు. ఖమ్మం చుట్టుపక్కల ఆయన తిరగని రోడ్డు లేదు. కానీ ప్రయాణికుడిగా కిటికీ పక్కన కూర్చుని చూసిన ఊళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రిటైరయ్యాక ఓ రోజు ‘ఏం చూడాలనుంది నాన్నా?’ అని అడిగా. కాశీ అంటాడనుకున్నా. ‘ఎవరెస్ట్’ అన్నాడు! ‘ఎక్కడం కాదురా, దూరం నుంచి కనపడినా చాలు. చిన్నప్పుడు బడిలో మా సారు టెన్సింగ్ గురించి చెప్పిన దగ్గర్నుంచీ మనసులో ఉంది.’

ఆ రాత్రే ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నా. అప్పుడు దొరికింది సాందక్‌ఫు. పశ్చిమ బెంగాల్లోకెల్లా ఎత్తైన చోటు, 3,636 మీటర్లు. డార్జిలింగ్ దగ్గర, భారత్-నేపాల్ సరిహద్దు మీదుగా సాగే సింగలీలా కొండల వరసలో ఉంటుంది. ప్రపంచంలోని ఐదు ఎత్తైన శిఖరాల్లో నాలుగు - ఎవరెస్ట్, కాంచన్‌జంగ, లోత్సే, మకాలు - అక్కడి నుంచే కనిపిస్తాయి. పైగా శిఖరం దాకా జీపు దారి ఉంది. అరవై ఏళ్ల నాన్న నడవలేకపోతే బండి ఎక్కించొచ్చు. నా గురించైతే ఆలోచించనే లేదు. ఇరవై ఎనిమిదేళ్లు, రోజూ జిమ్, నాకేమవుతుంది?

నవంబర్ మొదటివారం, ఆరు రోజుల సెలవు. ఒక్క పూట కూడా వృథా కాకుండా ఎక్సెల్ షీట్‌లో ప్లాన్ వేశా. డార్జిలింగ్ చూడటం చివర్లో, ముందు కొండే. బయల్దేరే ముందురోజు ఆఫీసులో రిలీజ్. తెల్లవారుజామున మూడింటికి ల్యాప్‌టాప్ మూసి, అట్నుంచటే ఎయిర్‌పోర్టుకు వెళ్లా. బాగ్‌డోగ్రాలో దిగి, సాయంత్రానికి డార్జిలింగ్ చేరాం. మర్నాడు పొద్దున్నే మళ్లీ జీపెక్కాం.

పావుగంట ముందుకెళ్లిన ఫోను

నడక మానేభంజన్‌లో మొదలవుతుంది. డార్జిలింగ్ నుంచి 26 కిలోమీటర్లు. సింగలీలా నేషనల్ పార్కులోకి గైడ్ లేకుండా పంపరు. మాకొచ్చిన గైడ్‌కి నలభై ఏళ్లుంటాయి. నేపాలీలో అన్నని ‘దాయి’ అంటారు, నేనూ అలాగే పిలిచా. ఆయన నాన్నని ‘బాబూజీ’ అనేవాడు.

నాన్న కళ్లు మాత్రం అక్కడ వరసగా నిలబెట్టిన పాత ల్యాండ్‌రోవర్ల మీదే ఉన్నాయి. 1950ల నాటి బండ్లు. ఇప్పటికీ రోజూ జనాన్ని పైకి మోస్తున్నాయి. ‘పవర్ స్టీరింగ్ లేదు, ఈ మలుపుల్లో ఎట్లా తిప్పుతావయ్యా?’ అని ఓ డ్రైవర్‌ని వచ్చీరాని హిందీలో అడిగాడు. అతను నవ్వి, తన అరచేతులు చూపించాడు. నాన్న తన చేతులు చూపించాడు. ఇద్దరికీ ఒకేచోట కాయలు కాసి ఉన్నాయి. అక్కడి నుంచి వాళ్ల స్నేహం చూడాలి!

మొదటి మూడు కిలోమీటర్లు, చిత్రే దాకా ఏకబిగిన ఎక్కుడే. నేను రేసులో ఉన్నట్టు ముందు నడిచా. నాన్న, దాయి కబుర్లాడుకుంటూ వెనకాల వచ్చారు. చిత్రేలో చిన్న బౌద్ధారామం, గాలికి రెపరెపలాడే రంగురంగుల ప్రార్థన జెండాలు. ఆ తర్వాత మేఘ్మా. ఊరి పేరులోనే మేఘం ఉంది. మేం వెళ్లినప్పుడూ పదడుగుల దూరంలో మనిషి కనపడలేదు.

సాయంత్రానికి తుమ్లింగ్ చేరాం. 2,970 మీటర్లు. ఈ ఊరు నేపాల్‌లో ఉంది. దారి పొడవునా అంతే, కాసేపు మన దేశం, కాసేపు వాళ్ల దేశం. ఉన్నట్టుండి నా ఫోన్‌లో టైమ్ పావుగంట ముందుకెళ్లింది. నేపాల్ సిగ్నల్ అందుకుందన్నమాట. ‘వీసా లేకుండా ఫారిన్ తీసుకొచ్చావురా’ అని నాన్న ఒకటే నవ్వు.

లాడ్జి నడిపే ఆంటీ వేడివేడి పప్పు, అన్నం, ముల్లంగి పచ్చడి పెట్టింది. పక్కనే గుండ్రంగా, ఎర్రగా రేగుపండంత మిరపకాయ. పేరు డల్లే ఖుర్సానీ. ‘మన ఖమ్మం మిర్చి ముందు ఇదెంత’ అని నాన్న ఒకటి నోట్లో వేసుకున్నాడు. తర్వాత రెండు గ్లాసుల నీళ్లు తాగి, ‘ఫర్వాలేదు, ఇదీ మిరపకాయే’ అని ఒప్పుకున్నాడు.

ఆ రాత్రి నా తల నొప్పిగా ఉంది. నిద్ర లేక అనుకున్నా. ఎవరికీ చెప్పకుండా ఓ పారాసెటమాల్ వేసుకుని పడుకున్నా.

కుంభకర్ణుడే తల!

తెల్లవారుజామున దాయి తలుపు కొట్టాడు. దుప్పట్లతోనే బయటికొచ్చాం. ఉత్తరం వైపు ఆకాశం బూడిదరంగులో ఉంది. కాసేపటికి అందులో ఓ అంచు గులాబీ రంగుకి తిరిగింది. అది మబ్బు కాదు, కాంచన్‌జంగ! 8,586 మీటర్ల ఎత్తుతో ప్రపంచంలో మూడో శిఖరం. అటూ ఇటూ ఉన్న కొండలతో కలిపి చూస్తే అచ్చం మనిషి వెల్లకిలా పడుకున్నట్టే ఉంటుంది. ‘నిద్రించే బుద్ధుడు’ అంటారు. కాంచన్‌జంగ ఆయన పొట్ట. తల భాగంలో ఉన్న శిఖరం పేరేంటో తెలుసా? కుంభకర్ణ! దాయి ఆ మాట చెప్పగానే నాన్న గట్టిగా నవ్వాడు. ‘సరైన వాడికే పెట్టారు పేరు. నిద్రంటే ఆయనదే.’

ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చేతులు కట్టుకుని అలా నిలబడిపోయాడు. ‘ఎవరెస్ట్ రేపు, సాందక్‌ఫులో’ అన్నా నేను. తల ఊపాడు.

ఆ రోజు గైరీబాస్ దాకా దిగుడు, అక్కడి నుంచి మళ్లీ ఎక్కుడు. రోడోడెండ్రాన్ చెట్లు, వెదురు పొదలు. ఈ అడవిలో రెడ్‌పాండాలుంటాయి, మాకైతే కనిపించలేదు. మధ్యాహ్నానికి నా తలలో సుత్తితో కొడుతున్నట్టుంది. ఇంకో మాత్ర వేసుకున్నా. అన్నం సయించలేదు. దాయి రెండుసార్లు అడిగాడు, ‘తలనొప్పి ఉందా?’ అని. రెండుసార్లూ లేదన్నా. అరవై ఏళ్ల మనిషి హాయిగా నడుస్తుంటే నాకు బాలేదని ఎలా చెప్పను?

3,186 మీటర్ల ఎత్తులో ఉన్న కాలీపోఖ్రి చేరేసరికి సాయంత్రమైంది. నల్లటి నీళ్ల చిన్న చెరువు, చుట్టూ జెండాలు. అక్కడివాళ్లకి పవిత్రమైన చోటు. నేను చెరువు చూడలేదు. దారి పక్కన కూర్చుని వాంతి చేసుకున్నా. లేచి నిలబడితే కాళ్లు తేలిపోతున్నాయి.

దాయి నా ముందు కూర్చున్నాడు. ‘నిజం చెప్పు. ఎప్పట్నుంచి?’

‘నిన్న రాత్రి నుంచి.’

నాన్న నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

ఎరుపులోకి వెళ్లిన ముల్లు

ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలి పల్చబడుతుంది. కాలీపోఖ్రిలో ఒక్కో శ్వాసకి అందే ఆక్సిజన్, సముద్రమట్టం దగ్గర అందేదాంట్లో మూడింట రెండొంతులే. దానికి ఒళ్లు అలవాటు పడాలంటే టైమ్ కావాలి. జిమ్‌లో పెంచిన కండలు అక్కడ లెక్కకు రావు. వయసు తక్కువని మినహాయింపూ లేదు. తలనొప్పితోపాటు వాంతులు, నీరసం మొదలైతే అది కొండజబ్బే అనుకోవాలి, ఇంకొక్క అడుగు కూడా పైకి వేయకూడదు. తగ్గకపోయినా, ముదిరినా వెంటనే దిగాలి. మొండిగా ఎక్కితే ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు, మెదడు వాయొచ్చు. రెండూ ప్రాణం తీసేవే. ఇవన్నీ నేను వెళ్లేముందు చదివినవే. ఎక్సెల్ షీట్‌లో ఓ గడిలో రాసుకున్నవే!

‘రాత్రి ఇక్కడ పడుకుంటే పొద్దుటికి తగ్గిపోతుంది దాయి. ఇంకా ఆరు కిలోమీటర్లే కదా’ అని బతిమాలా. ఆయన జవాబు చెప్పలేదు. పైనుంచి దిగుతున్న ల్యాండ్‌రోవర్‌కి చెయ్యెత్తాడు. చూస్తే, మానేభంజన్‌లో నాన్నతో స్నేహం చేసిన డ్రైవరే!

‘ఇంజిన్ వేడెక్కి ముల్లు ఎరుపులోకి వెళ్తే ఏం చేస్తాంరా? బండి పక్కకి ఆపుతాం. మీటర్ మీద గుడ్డ కప్పి నడుపుతామా?’ అన్నాడు నాన్న, నన్ను పైకెక్కిస్తూ. గట్టిగా కూడా అనలేదు. ఆ రాళ్లదారిలో కుదుపుకో మూలుగు మూలుగుతూ గైరీబాస్ దాకా దిగా. 2,621 మీటర్లు. ఆరువందల మీటర్లు కూడా తగ్గలేదు. కానీ రాత్రి పదయ్యేసరికి కాస్త సూప్ తాగగలిగా. తెల్లారేసరికి తల తేలికపడింది.

పొద్దున్నే నాన్నతో అన్నా: ‘నాన్నా, నేను ఇక్కడే ఉంటా. నువ్వు దాయితో బండిలో వెళ్లి ఎవరెస్ట్ చూసిరా. సాయంత్రానికి వచ్చేయొచ్చు.’

నాన్న టీ గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాడు. ‘నాకూ నిన్న మధ్యాహ్నం నుంచి తల బరువుగానే ఉందిరా’ అన్నాడు మెల్లగా. ‘ఇంత ఖర్చుపెట్టి తీసుకొచ్చావు, నా వల్ల ఆగిపోకూడదని చెప్పలేదు.’

నాకు నోట మాట రాలేదు. నన్ను ముల్లు, మీటర్ అన్న మనిషి తన మీటర్ మీద తనే గుడ్డ కప్పుకున్నాడు! విషయం తెలిశాక దాయి మా ఇద్దర్నీ కలిపి తిట్టాడు. తర్వాత ఓ సంగతి చెప్పాడు. 1955లో కాంచన్‌జంగని మొదటిసారి ఎక్కిన బ్రిటిష్ బృందం శిఖరం కొసన కాలు పెట్టలేదట. ఆ కొండ సిక్కిం ప్రజలకు దైవం కాబట్టి, కొన్ని అడుగుల కిందే ఆగిపోతామని అక్కడి రాజుకిచ్చిన మాట నిలబెట్టుకున్నారట. ‘వాళ్లంతవాళ్లే ఆగారు. మీకేం నామోషీ?’ అన్నాడు.

డార్జిలింగ్‌లో మిగిలిన రోజులు

అలా మాకు డార్జిలింగ్‌లో అనుకోని టైమ్ దొరికింది. టాయ్‌ట్రైన్ ఎక్కాం. 1881లో పూర్తయిన రెండడుగుల వెడల్పు పట్టాలు, 1999 నుంచి యునెస్కో వారసత్వ సంపద. రైలు రోడ్డు పక్కనే పోతూ, కూత పెట్టి రోడ్డు దాటుతుంటే జీపులన్నీ ఆగుతాయి. ‘గేటు లేదు, గేట్‌మ్యాన్ లేడు, అయినా అందరూ ఆగుతున్నారు చూడు’ అని నాన్న ఆశ్చర్యపోయాడు.

ఘూమ్ స్టేషన్ 2,258 మీటర్ల ఎత్తులో ఉంది. దానికి దగ్గర్లోనే 1850 నాటి యిగా చోయిలింగ్ బౌద్ధారామం. లోపల పదిహేనడుగుల మైత్రేయ బుద్ధుడు, అంటే రాబోయే కాలపు బుద్ధుడు. నేతిదీపాల వాసన, ఎర్రబట్టల్లో చిన్నపిల్లలు. మా ఖమ్మం పక్కన నేలకొండపల్లిలోనూ బౌద్ధ స్తూపం ఉంది. అక్కడ బౌద్ధమంటే తవ్వకాల్లో బయటపడిన ఇటుకలే. ఇక్కడ హోంవర్క్ మధ్యలో మంత్రాలు చదువుకుంటున్న పిల్లలు.

మాల్ వెనక గుట్ట మీద మహాకాల్ గుడికీ వెళ్లాం. శివలింగాలూ, బౌద్ధుల జెండాలూ ఒకేచోట. హిందూ పూజారీ, బౌద్ధ లామా పక్కపక్కనే కూర్చుంటారు. ఒకప్పుడు ఇక్కడుండే దోర్జేలింగ్ అనే బౌద్ధారామం పేరు మీదే డార్జిలింగ్ అయ్యిందట.

చివరి రోజు హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇనిస్టిట్యూట్. ఎవరెస్ట్ ఎక్కిన మరుసటి ఏడాది, 1954లో పెట్టిన ఈ సంస్థలో టెన్సింగే శిక్షణ విభాగానికి మొదటి డైరెక్టర్. ఇది జూ లోపల ఉంది. జూ పేరు చదివి నాన్న ఆగిపోయాడు. పద్మజా నాయుడు! సరోజినీ నాయుడి కూతురు, హైదరాబాద్‌లో పుట్టి బెంగాల్ గవర్నర్ అయినావిడ. అడవిలో కనపడని రెడ్‌పాండా ఇక్కడ కొమ్మ మీద నిద్రపోతూ కనిపించింది. 2014లో పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మన మాలావత్ పూర్ణ కూడా భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో శిక్షణ తీసుకున్న అమ్మాయే.

టెన్సింగ్ విగ్రహం, సమాధి అక్కడే ఉన్నాయి. నాన్న చెప్పులు విప్పి దండం పెట్టాడు. ‘సారీ నాన్నా, ఎవరెస్ట్ చూపించలేకపోయా’ అన్నా.

‘చూసిన మనిషిని చూశాంగా’ అన్నాడు.

వెళ్లాలనుకునే వారికి నా మాట ఒకటే. అక్టోబర్, నవంబర్‌లలో ఆకాశం తేటగా ఉంటుంది, ఏప్రిల్‌లో రోడోడెండ్రాన్లు పూస్తాయి. ఓటర్ ఐడీ దగ్గరుంచుకోండి. డార్జిలింగ్‌ని చివరికి కాదు, మొదటికి పెట్టుకోండి. అక్కడ రెండు రోజులుంటే ఊరు చూసినట్టూ ఉంటుంది, ఒళ్లు ఎత్తుకి అలవాటు పడినట్టూ ఉంటుంది. తలనొప్పి వస్తే పక్కవాళ్లకి చెప్పండి.

మేం ఏప్రిల్‌కి టికెట్లు తీశాం. ల్యాండ్‌రోవర్ డ్రైవర్‌కి నాన్నే ఫోన్ చేసి చెప్పాడు. ఈసారి ఇంట్లో కొత్త రూల్: తలనొప్పి ఎవరు ముందు చెబితే వాళ్లకే కిటికీ సీటు.