మన భాషలో ఒక మాట

పుస్తకాల పండుగ అంటే మనకు విజయవాడ పుస్తక మహోత్సవమో, హైదరాబాద్ బుక్ ఫెయిరో గుర్తొస్తుంది. చెన్నైలో 2018 జూలైలో మరో రకం పండుగ మొదలైంది. స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు, వాళ్లని అర్థం చేసుకోవాలనుకునేవాళ్లు ఒకచోట కూర్చుని సాహిత్యం మాట్లాడుకునే పండుగ. పేరు క్వియర్ లిట్‌ఫెస్ట్. 'క్వియర్ చెన్నై క్రానికల్స్' అనే బృందం దీన్ని తలపెట్టింది. స్వలింగ సంబంధాలు నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పింది ఆ ఏడాది సెప్టెంబరు 6న. అంటే చట్టం ఒప్పుకోకముందే అక్కడ పుస్తకాలు తెరుచుకున్నాయన్నమాట!

ఈ పండుగ గురించి నాకు చెప్పింది మా అక్క కొడుకు. వాడు తన సంగతి ఇంట్లో చెప్పిన రోజు నుంచి అక్క సరిగా అన్నం తినలేదు. బావగారు వాడితో మాట్లాడటం మానేశారు. ఓ రాత్రి అక్క ఫోన్ చేసింది. "వాడేమో ఇంగ్లీషు పుస్తకాలు ఇస్తున్నాడే. అవి నాకెక్కడ అర్థమవుతాయి? మన భాషలో ఏమన్నా ఉందా?"

వెతికితే దొరికింది. తమిళనాడుకు చెందిన ట్రాన్స్ మహిళ ఎ.రేవతి జీవితకథ 2010లో ఇంగ్లీషులో వచ్చింది. దాన్ని పి.సత్యవతి గారు 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. అదే ఏడాది అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ లైబ్రరీ మీద కట్టిన బ్యానర్‌లో టోనీ మారిసన్ లాంటి రచయిత్రుల సరసన రేవతి పేరు కూడా చేరింది.

మావాడి కథ వేరు, రేవతి కథ వేరు. మగపిల్లాడని పెంచినా తను ఆడపిల్లనని తెలుసుకున్న మనిషి ఆవిడ. మావాడు మగవాడే, మనసుపడింది మగవాడి మీద. అయినా అక్క ఆ పుస్తకం నాలుగు రోజుల్లో పూర్తిచేసింది. ఇంట్లోవాళ్ల చేతుల్లో రేవతి తిన్న దెబ్బల దగ్గర చదవలేక కాసేపు మూసేసిందట. "సొంతవాళ్లే ఇంత పని చేస్తే బయటివాళ్లని ఏమనుకుంటామే" అంది. మర్నాడు కొడుక్కి ఫోన్ చేసి "తిన్నావా నాన్నా" అని అడిగింది. బావగారు ఇంకా మాట్లాడటం లేదు. పుస్తకం మాత్రం ఆయన మంచం పక్కన బల్ల మీద పెట్టి ఉంచింది.

తమిళులకు ఇంకో సౌకర్యం కూడా ఉంది. ట్రాన్స్ మహిళను వాళ్లు 'తిరునంగై' అంటారు. ఎంత మర్యాదగా ఉందో చూడండి. మద్రాసు హైకోర్టు చొరవతో 2022లో తమిళనాడు ప్రభుత్వం ఇలాంటి గౌరవప్రదమైన పదాల పట్టికనే ప్రకటించింది. మనకు వినిపించే మాటల్లో చాలావరకు సినిమాహాల్లో నవ్వించడానికి వాడేవే. మరి కొడుకు గురించి నలుగురిలో చెప్పాల్సివస్తే తల్లి ఏ మాట వాడాలి?

పట్టికలు ప్రభుత్వాలు ఇస్తాయి. వాటిని జనం నోటికి అలవాటు చేసేది కథలే. మన ఊళ్లలో జరిగే పుస్తక ప్రదర్శనల్లోనూ ఒక్క సాయంత్రం ఇలాంటి రచనలకు కేటాయిస్తే బాగుంటుంది. మా అక్కలాంటి అమ్మలు వచ్చి వెనక వరసలో కూర్చుంటారు. ఎందుకొచ్చారని ఎవరూ అడగకపోతే చాలు, చివరిదాకా వింటారు.