నానమ్మ చెప్పిన అలంకారాలు

రేపు తెలుగు పరీక్ష. మా అమ్మాయి "ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం" అంటూ గదంతా తిరుగుతూ బట్టీ పడుతోంది. ఓ పక్క టీవీ, ఓ పక్క కుక్కర్ విజిల్. వంటింట్లోంచి మా అమ్మ కేకేసింది: "ఇల్లంతా సంతలా గోలగా ఉంది, ఆ టీవీ కట్టెయ్యండర్రా!"

పిల్ల ఠక్కున ఆగింది. "నాన్నా, నానమ్మ ఉపమాలంకారం చెప్పింది! ఇల్లు ఉపమేయం, సంత ఉపమానం, గోల సమానధర్మం, 'లా' ఉపమావాచకం!" నాలుగూ ఉన్నాయి కాబట్టి పూర్ణోపమ. 'గోలగా' తీసేస్తే లుప్తోపమ.

ఇక ఆట మొదలైంది. "ఇల్లు సంతేమో అనిపిస్తోంది" అంటే ఉత్ప్రేక్ష. "ఇది ఇల్లు కాదు, సంత" అంటే అపహ్నవం. "ఈ గోలకి శ్మశానంలో వాళ్ళు కూడా లేచొస్తారు" అని అమ్మ అందుకుంది. అతిశయోక్తి!

అలంకారశాస్త్రం పేరైనా వినని మనిషి మా అమ్మ. పది నిమిషాల్లో పాఠం అయిపోయింది.

టీచర్లూ, అమ్మానాన్నలూ, నిర్వచనాలు తర్వాత చెప్పొచ్చు. ముందు ఇంట్లో పెద్దవాళ్ళ మాటలు ఓ నాలుగు రాసుకు రమ్మనండి పిల్లల్ని.