కోడి కూయని నాలుగు రోజులు

మా ఇంట్లో ఒక కోడి ఉన్నది. గింజలు తినదు, గుడ్డు పెట్టదు. టీవీ వెనుక గోడను ఆనుకొని నిశ్శబ్దంగా పడి ఉంటుంది. తెలుగు పండిత శిక్షణ పొందినవాణ్ణి గనుక వ్యుత్పత్తి ముందే చెప్పాలి. ఈ పదానికీ మన కుక్కుటానికీ సంబంధం లేదు. ఎక్స్‌బాక్స్ మీడియా సెంటర్ అని పిలువబడిన ఒక సాఫ్ట్‌వేర్‌కు 2014లో దాని కర్తలు పెట్టుకొన్న కొత్త పేరు ఇది. వారికి తెలుగు వచ్చి ఉంటే మరొక పేరు వెదుకుకొనేవారేమో! మా శ్రీమతి మాత్రం పాట వినాలనుకొన్నప్పుడల్లా "కోడిని లేపుండ్రి" అంటుంది.

ఆ కోడి కాపురముండే గూడు రాస్ప్‌బెర్రీ పై. ఏటీఎం కార్డంత పలక మీద అమర్చిన సంపూర్ణమైన కంప్యూటరు. పిల్లలు కంప్యూటరు విద్య నేర్చుకోవాలనే సంకల్పంతో బ్రిటన్‌లోని ఒక ధర్మసంస్థ 2012 ఫిబ్రవరి 29న దీనిని విడుదల చేసింది. 2016లో వచ్చిన మూడవ రకాన్ని మా మనవడు 2019లో జగిత్యాలకు తెచ్చి, టీవీకి తగిలించి, అరచేతిలో పట్టే హార్డ్‌డిస్కు ఒకటి జతచేసి వెళ్ళాడు. ఆ డిస్కులో సినిమాలున్నాయి, హరికథలున్నాయి. మా అన్న గొంతు కూడా ఉన్నది.

దాని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మా అన్న 1983లో కోరుట్ల నుంచి దుబాయి వెళ్ళాడు. మా వైపు ఆ రోజుల్లో ఊరికి పది మందైనా అట్లా వెళ్ళినవారే. వదినె బీడీలు చుట్టేది. ఇద్దరికీ చదువు అంతంతమాత్రం. ఉత్తరం రాయాలన్నా చదవాలన్నా మూడో మనిషి కావాలి. ఆ మూడో మనిషిని నేను. అన్న రాయించిన మాటను వదినెకు చదివి వినిపించేటప్పుడు నేను గోడ వైపు చూసేవాణ్ణి, ఆమె చేటలోని ఆకుల వైపు చూసేది. తరువాత అన్న టేప్‌రికార్డరు కొన్నాడు. మాటలు క్యాసెట్టులో నింపి, ఊరికి వచ్చేవారి చేత పంపసాగాడు. నా ఉద్యోగం పోయింది. ఊపిరి పీల్చుకొన్నాను.

అన్న 2009లో పోయాడు. మిగిలిన తొమ్మిది క్యాసెట్లను 2011లో కోరుట్లలో ఫోటో స్టూడియో నడిపే నా పాత విద్యార్థి ఒకడు కంప్యూటరులోకి ఎక్కించి ఇచ్చాడు. ఆ పనిలోనే రెండు టేపులు తెగిపోయాయి. మిగతావి వదినె ఇంట్లో వానకు తడిసి బూజుపట్టాయి. ఆ గొంతుకు మిగిలిన ఆధారం ఆ ఒక్క డిస్కే. రెండో ప్రతి తీసి పెట్టుకోవాలన్న బుద్ధి పన్నెండేళ్ళు దాటినా నాకు పుట్టలేదు.

మొన్న వేసవిలో అన్న తిథికి వదినె మా ఇంటికి వచ్చింది. సాయంత్రం ఆమెను కూర్చోబెట్టి మొదటి క్యాసెట్టు నొక్కాను. అన్న దగ్గాడు, "ఆఁ... వినబడుతున్నదా" అన్నాడు. అంతే. శబ్దం ఆగింది. డిస్కు టిక్కు టిక్కుమన్నది. తెర మీద దాని పేరే మాయమైంది.

"ఏమాయె మరిదీ, మీ అన్న మాట్లాడుతలేడా?" అని అడిగింది వదినె.

మొదట నా తెలుగు మీదనే అనుమానం వచ్చింది. ఫైళ్ళకు ముచ్చటపడి తెలుగులో పేర్లు పెట్టాను. తెర మీద అవి ఖాళీ గళ్ళుగా కనబడుతుండేవి. అదే దోషమనుకొన్నాను, కాదు. తరువాత పలకలోని చిన్న మెమరీ కార్డు చెడిందనుకొన్నాను. మనవడు దాచిపెట్టిన ప్రతి నుంచి సాఫ్ట్‌వేరు మొత్తం మళ్ళీ ఎక్కించాను. రెండు రోజులు పట్టింది. డిస్కు తీసివేస్తే యంత్రం చక్కగా నడుస్తున్నది, పెడితే కాసేపటికి మొరాయిస్తున్నది. ఈ మధ్యలో మా శ్రీమతి "ఆ మూలకు పసుప్పచ్చ మెరుపు బొమ్మ ఏంది?" అని రెండుసార్లు అడిగింది. ఏదో అలంకారంలే అన్నాను. అలంకారశాస్త్రం చదివినవాడి జవాబు అది.

మూడవ రోజు డిస్కును తీసి ల్యాప్‌టాప్‌కు తగిలించాను. దీనిని వాడాలంటే ముందుగా ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని అడిగింది అది. చేస్తే బాగుపడుతుందేమో అనుకొన్నాను. వేలు మీట మీదనే ఉన్నది. అన్నం చల్లారిపోతున్నదని లోపలి నుంచి కేక వచ్చింది. లేచి వెళ్ళాను.

భోజనమయ్యాక హైదరాబాదులోని మనవడికి ఫోను చేసి చెబితే, వాడు ఒక క్షణం మాట్లాడలేదు. "తాతా, నొక్కలేదు కద?" అన్నాడు. ఆ డిస్కును వాడు లినక్స్ పద్ధతిలో సిద్ధం చేశాడట. విండోస్‌కు ఆ పద్ధతి తెలియదు. తెలియనప్పుడు నాకు తెలియదు అని చెప్పదు, తుడిచివేయనా అంటుంది. నిజాం కాలపు భూమి కాగితాలు మా ఇంట్లో ఒక పెట్టె నిండా ఉండేవి, అన్నీ ఉర్దూలో. ఆ లిపి రాని మా చిన్నాయన వాటిని చిత్తుకాగితాల కింద అమ్మబోయాడు. ఆయనను ఇన్నేళ్ళూ ఎగతాళి చేసినవాణ్ణి నేను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరునాడు సిరిసిల్ల నుంచి ఫోను, కూతురి పెళ్ళికి పిలుస్తూ. నేను 1987లో అక్కడ పాఠం చెప్పిన పిల్లవాడు. పద్యం నడుస్తుండగా నిద్రపోతాడని బెంచీ ఎక్కించేవాణ్ణి. రాత్రంతా కండెలు చుట్టి బడికి వస్తున్నాడని ఏడాది చివరకు గాని తెలియలేదు. ఇప్పుడు సాంచాల మోటార్లు బాగుచేస్తాడు. మాటల్లో నా అవస్థ చెప్పి, మెరుపు బొమ్మ ముచ్చట కూడా ఎత్తాను.

"మెరుపంటె కరెంటే కద సార్! ఓల్టేజి తక్కువైతె మా మోటరు గుయ్యిమని మూలుగుతది, నాడె అవతలికి పోదు. నూలును తిడితె ఏమొస్తది? ముందుగాల వైరు చూడుండ్రి" అన్నాడు.

చూశాను. అసలు అడాప్టరు అక్కడ లేదు. దాని స్థానంలో సన్నటి పొడుగాటి తీగతో ఒక ఫోను చార్జరు ఉన్నది. సంక్రాంతికి వచ్చినప్పుడు మనవడు తనదనుకొని అసలుదాన్ని పట్టుకుపోయాడు! ఆ పలకకు 5.1 వోల్టుల వద్ద 2.5 ఆంపియర్లు ఇవ్వగల అడాప్టరు ఉండాలి. సన్నని తీగలో కొంత వోల్టేజీ దారిలోనే జారిపోతుంది. 4.63 వోల్టులకు దిగిందంటే తెర మీద ఆ మెరుపు వెలుగుతుంది. ఫోనుకు సొంత బ్యాటరీ ఉన్నది గనుక తక్కువ అందినా మెల్లగా నిండుతుంది. ఈ పలకకు నిల్వ లేదు, ఏ క్షణపు తిండి ఆ క్షణానిదే. పాటలు ఇంటర్నెట్ నుంచి విన్నంతకాలం నెట్టుకొచ్చింది. డిస్కు తిరగడం మొదలుపెట్టగానే ఇద్దరికీ చాలలేదు.

అడాప్టరు ఆర్టీసీ కార్గోలో వచ్చింది. మనవడు ఫోనులో చెప్పిన ఒక ఆజ్ఞ టైపు చేస్తే యంత్రం తన ఆరోగ్యం తానే చెబుతుంది. పాత చార్జరు ఉండగా 50005 అనే అంకె వచ్చింది, తక్కువ కరెంటు అందుతున్నదని దాని భావం. అడాప్టరు మార్చి మళ్ళీ అడిగితే సున్నా. నా జీవితంలో సున్నా మార్కులకు ఇంత సంతోషించడం ఇదే మొదలు. డిస్కుకు రెండు ప్రతులు తీయించి, ఒకటి కోరుట్లకు పంపే ఏర్పాటు చేసిన తరువాతనే టీవీ ముందు కూర్చున్నాను.

అన్న దగ్గాడు. వెనుక ఎక్కడో ఫ్యాను తిరుగుతున్నది. "పిలగాడు బడికి పోతున్నడా?" అని అడిగాడు. ఆ పిలగాడికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు.

"పోతున్నడు" అన్నది వదినె, టీవీ వైపు చూస్తూ.

కాసేపు విని, నా వైపు తిరిగింది. "జర సౌండు తగ్గియ్యి మరిదీ. మీ అన్న గంత గట్టిగ మాట్లాడడు."

తగ్గించాను.