కోపం కాదు, బెదురు

పిల్లలూ! పాము బుసకొట్టి మీదికి ఉరకడం మీలో ఎవరైనా చూశారా? మెడ ఉబ్బుతుంది. తల వెనక్కు పోతుంది. చూస్తుండగానే మెరుపులా ముందుకు వస్తుంది. "అబ్బ, ఎంత పగ!" అంటారు చూసినవాళ్ళు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అది పగ కాదని నాకు నేర్పింది ఒక జెర్రిపోతు. ఆ పాఠం చెప్పడానికి పాపం అది తన మూతి చిట్లగొట్టుకోవలసి వచ్చింది. తప్పు మాత్రం నాది.

అది 1988వ సంవత్సరం, వానకాలం. అప్పుడు నేను కందుకూరు దగ్గర ఒక పల్లె బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. నాలుగు రోజులు ముసురు పట్టి, పొలాల్లో బొరియలన్నీ నీళ్ళతో నిండాయి. ఒక ఉదయం మా బడి సామాన్ల గదిలో, విరిగిన బల్లల వెనక, ఆరడుగుల జెర్రిపోతు కనబడింది. పిల్లలు కర్రలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. నేను వాళ్ళను ఆపాను. "జెర్రిపోతుకు విషం లేదు. మీ ఇంటి గింజలు తినే ఎలుకలను అది తింటుంది. దాన్ని చంపితే మనకే నష్టం" అని చెప్పాను. అంతవరకు బాగానే ఉంది.

ఆ తరువాతనే తెలివితక్కువ పని చేశాను. మా బడి కావలి తాత దాన్ని గోనెసంచిలోకి ఎక్కించాడు. నేను దాన్ని సైన్సు గదిలోని గాజుతొట్టిలో వదిలి, పైన ఇనుప జాలీ పెట్టాను. అందరికీ కనబడాలని తొట్టిని కిటికీ పక్కన ఉంచాను. ఇంకేం? బడి బడంతా వచ్చి చూసింది. ఎవరైనా గాజు మీద వేలితో కొడితే చాలు, పాము గుర్రుమని లేచి గాజును పొడిచేది. పిల్లలు కేకలు వేసి నవ్వేవాళ్ళు. నిజం చెప్పాలంటే, నేనూ నవ్వాను.

రెండోరోజు సాయంత్రానికి గాజు మీద ఎర్రటి మరక కనబడింది. పాము మూతి చిట్లింది. గిన్నెలో నీళ్ళు ముట్టలేదు. వేసిన చచ్చిన ఎలుకను కన్నెత్తి చూడలేదు.

"ఎంత పొగరు సార్ దీనికి!" అన్నాడు ఒక కుర్రవాడు.

వెనక నిలబడ్డ ఏడో తరగతి అమ్మాయి మెల్లగా అడిగింది: "సార్, దానికి దాక్కోను చోటేది?"

నా దగ్గర జవాబు లేదు. తలుపు దగ్గర ఉన్న కావలి తాత అందుకున్నాడు: "పిల్ల సక్కగ అడిగింది సారూ. అది పొగరు గాదు, బెదురు. ఎటు జూసినా ఎలుగే. యాడ దాసుకుంటది?"

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. నేను చేసిన తప్పులను ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను.

పాము చల్లని రక్తపు జీవి. ఒంటికి వేడి కావాలంటే ఎండకు పోతుంది, చల్లదనం కావాలంటే నీడకు పోతుంది. నేను ఎండ పడే గాజుతొట్టిలో పెట్టి నీడ లేకుండా చేశాను. పాముకు బయటి చెవులు లేవు. లోపలి చెవి మాత్రం ఉంది. అది దవడ ఎముకతో కలిసి ఉంటుంది కనుక, నేల అదురు దవడ గుండా దానికి తెలుస్తుంది. నేను దాన్ని రెండు వందల కాళ్ళు తొక్కే చోట పెట్టాను. పాముకు కనురెప్పలు లేవు. కళ్ళు మూసుకుని లోకాన్ని మరిచిపోవడం కూడా దానికి చేతకాదు.

తెల్లవారి చూస్తే ఇంకొకటి బయటపడింది. దాని కళ్ళ మీద నీలిపాల రంగు పొర కమ్మింది. కుబుసం విడిచే ముందు పాములకు అలా అవుతుంది. అప్పుడు వాటికి చూపు సరిగా ఆనదు. అంటే సగం గుడ్డిదైన జీవిని మేము చుట్టూ చేరి భయపెట్టామన్నమాట! కుబుసం మొదట ఊడేది మూతి దగ్గరే. మూతి చిట్లినప్పుడు అది సరిగా ఊడుతుందో ఊడదో అని నాకు భయం పట్టుకుంది.

ఆ ఉదయమే తొట్టిని వెనక గదిలోకి మార్చాం. ఆ గదిలోకి ఎవరూ పోకూడదన్నాను. తాత పగిలిన కుండ ఒకటి తెచ్చి, అడుగున తడి ఇసుక పోసి, తొట్టిలో పక్కకు పడుకోబెట్టాడు. పాము చుట్టచుట్టుకుంటే ఒళ్ళు కుండకు తగిలేటంత చోటు. అంతకంటే పెద్దది వద్దన్నాడు. నాలుగు వైపులా ఆనుకుని ఉంటేనే దానికి ధైర్యమట. బరువైన మూకుడులో నీళ్ళు పెట్టి, తొట్టి మీద తన గొంగడి కప్పాడు.

మూడు రోజులు దాన్ని అలాగే వదిలేశాం. నాలుగోరోజు గొంగడి అంచు ఎత్తి చూశాను. పాము ఉరకలేదు. కుండలోనుంచి తల కొంచెం బయట పెట్టి, నాలుకను మెల్లగా ఆడించింది. నాలుక ఆడించడం బెదిరింపు కాదు, పిల్లలూ! గాలిలోని వాసనలను నాలుకతో పట్టి, నోటి పైభాగంలో ఉన్న జాకబ్సన్ అవయవానికి అందిస్తుంది. అంటే అది నన్ను వాసన చూసి తెలుసుకుంటున్నది. మరి కొన్ని రోజులకు కుండ పక్కన కుబుసం కనబడింది. మూతి దగ్గర కొంచెం చిరిగినా, తక్కినదంతా చెక్కుచెదరలేదు. ఆ సాయంత్రమే పామును చెలక గట్టున వదిలాం. అది వెనక్కు తిరిగి చూడలేదు. మచ్చిక కాలేదు, భయం తీరింది, అంతే. కుబుసాన్ని మాత్రం ఆ అమ్మాయి చేతికే ఇచ్చి క్లాసులో కొలిపించాను.

చాలా ఏళ్ళకు మద్రాసు దగ్గర వడనెమ్మేలి వెళ్ళాను. అక్కడ ఇరుళ గిరిజనులు 1978లో పెట్టుకున్న పాములవాళ్ళ సహకార సంఘం ఉంది. పాముకాటు మందు తయారీకి కావలసిన విషాన్ని వాళ్ళు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజరల నుంచి తీస్తారు. ఆ పాములను వాళ్ళు దేనిలో ఉంచారనుకున్నారు? మట్టి కుండల్లో! అడుగున ఇసుక, మూతికి బట్ట. లోపల చీకటి, చల్లదనం. నాకు మా తాత కళ్ళముందు నిలిచాడు.

కొన్ని దేశాల్లో చిన్న కొండచిలువలను ఇళ్ళలో పెంచుతారు. తెలిసినవాళ్ళు అక్కడా ఇదే సూత్రం పాటిస్తారు. గూటిలో ఒక చివర వెచ్చగా, మరో చివర చల్లగా ఉంచుతారు. రెండు చివర్లా దాక్కునే చోటు పెడతారు. కొత్తగా తెచ్చిన పామును వారం రోజులు ముట్టుకోరు. మేత తిన్నాక రెండు రోజులు కదిలించరు.

మన దగ్గర మాత్రం ఆ ముచ్చట వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. నాగుపామునైనా, జెర్రిపోతునైనా పట్టి పెంచుకోవడం, చంపడం నేరం. ఆనాడు నేను చేసిన పని మీరు చేయకండి. ఇంట్లోకి పాము వస్తే దూరంగా నిలబడి, అది ఎటు పోతున్నదో కనిపెట్టి, పెద్దలచేత అటవీ శాఖవారికి ఫోను చేయించండి. హైదరాబాదులో 1995 నుంచి ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీవారు కూడా పాములను పట్టి క్షేమంగా వదిలే పని చేస్తున్నారు. వాళ్ళు వచ్చేదాకా కర్ర తీయవద్దు, కేకలు వేయవద్దు. అది పారిపోవడానికి దారి మూయవద్దు.

ఆ తరువాత నేను ఇంకా ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఏ పిల్లవాడైనా ఎదురుతిరిగి కస్సుమంటే, ముందు బెత్తం కోసం చూడలేదు. వీడికి దాక్కోను చోటుందా అని చూశాను.