గోదావరి గట్టున కొత్త పద్దు

రాజమండ్రి అనగానే మీకు గోదావరి గుర్తుకు వస్తుంది. దాపునే ఉన్న ఆత్రేయపురం పూతరేకులు కూడా గుర్తుకు వస్తే తప్పు లేదు. నాకు మాత్రం ముందుగా గుర్తుకు వచ్చేది ఇంటద్దె. యాత్రికులు ఊరిని గుళ్ళతో కొలుస్తారు. ఉద్యోగస్థులు అద్దెలతో కొలుస్తారు. నేను ఈ ఊరికి యాత్రకు రాలేదు, బతకడానికి వచ్చాను. 17 ఏళ్ళ కాపురం ఒక సాయంత్రం ఆయన అన్న రెండు మాటలతో ముగిసింది. కారణాల జోలికి పోను. కోర్టు కాగితం చేతికి అందేసరికి నాకు 44 ఏళ్ళు. ఇంటరు చదివే కూతురూ, తెలుగు ఎమ్మే పట్టా, ఇక్కడి కాలేజీలో కొత్తగా దొరికిన లెక్చరర్ పనీ – ఇదీ నా ఆస్తి.

విజయవాడ నుంచి వచ్చేవారికి కొవ్వూరు దాటగానే నది ఎదురవుతుంది. కిటికీలోంచి చూస్తే వరసగా వంతెనలు. 1900లో రైళ్ళు నడవడం మొదలైన పాత వంతెన 1997లో విశ్రాంతి పుచ్చుకుంది. దాని పక్కనే కమానుల వంతెన బరువు ఎత్తుకుంది. పాతదాన్ని కూల్చలేదు, దాని మీద ప్రయాణమూ లేదు. మా అమ్మాయి దాన్ని చాలాసేపు చూసింది. నేను సామాను లెక్క పెట్టుకున్నాను.

ఇన్నీసుపేటలో రెండు గదుల వాటా ఒకటి చూశాం. ఇంటావిడ పెద్దావిడ. తాళం తీస్తూ అడిగారు: “మీ ఆయన ఎప్పుడొస్తారమ్మా?”

“రారండి మామ్మగారూ. మేం విడిపోయాం.”

ఆవిడ తాళంచెవి చేతిలోనే ఉంచుకుని కాసేపు నన్నూ, కాసేపు పిల్లనూ చూశారు. అప్పటికి మూడిళ్ళవాళ్ళు ఈ చూపు తర్వాతే ‘ఇల్లు మా చుట్టాలకు కావాలండీ’ అన్నారు. ఈవిడ అన్నది వేరు: “అద్దె అయిదో తారీఖు దాటకూడదమ్మా. మునిసిపాలిటీ నీళ్ళు పొద్దున్నే పట్టుకోవాలి.” ఆ మాట నాకు ఆశీర్వచనంలాగే వినిపించింది.

2015లో ఈ ఊరికి రాజమహేంద్రవరం అన్న పాత పేరు మళ్ళీ అధికారికంగా వచ్చింది. జనం నోట మాత్రం ఇప్పటికీ రాజమండ్రే. నేనూ నా పుట్టింటి ఇంటిపేరుకు తిరిగి వచ్చాను. ఆధారు, పాను, బ్యాంకు, ప్రావిడెంట్ ఫండు – అన్నిచోట్లా అర్జీలు పెట్టాను. నామినీ గడిలో ఆయన పేరు కొట్టించి కూతురి పేరు రాయించాను. ఆయన ఉద్యోగం తాలూకు వైద్య బీమాలో నా పేరు పోయింది గనక నా పేరున వేరే బీమా తీసుకున్నాను. విడాకుల కాగితం చూసి ఈ పేర్లు వాటంతట అవే మారవు. ఎవరి అర్జీ వారే పెట్టుకోవాలి.

ఫ్లాటు ఆయనకూ, నా వాటా సొమ్ము నాకూ అని ఒప్పందం. కాని అప్పుపత్రం మీద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. విడాకులు ఆలుమగల మధ్య తెగతెంపులే గాని బ్యాంకుతో తెగతెంపులు కావు. ఆయన వాయిదా తప్పితే బ్యాంకు నన్నే అడగగలదు. అంచేత అప్పులోంచి నా పేరు తీసేసినట్టు బ్యాంకు రాసి ఇచ్చేదాకా నా వాటా వదులుకునే దస్తావేజు మీద సంతకం చేయలేదు. నా నగల మాట వచ్చినప్పుడు ప్లీడరుగారు ఒక సంగతి చెప్పారు: స్త్రీధనం ఆడదాని సొంత ఆస్తి, భర్త దగ్గర ఉన్నా అది దాచిపెట్టిన సొమ్మే అని 1985లోనే సుప్రీంకోర్టు తేల్చిందట. నగలు అడగడానికి నాకున్న మొగమాటం ఆ పూటతో పోయింది. చేతికి వచ్చిన సొమ్ములో ముందు 6 నెలల ఇంటిఖర్చు విడిగా వేసి, మిగిలింది పిల్ల చదువుకు డిపాజిట్ చేశాను.

ఇన్ని లెక్కలు చూసి ఇదేం యాత్రా వ్యాసం అనుకుంటున్నారేమో! ఈ ఊరి గొప్పతనంలోనే ఒక లెక్క ఉంది. కందుకూరి వీరేశలింగంగారు పుట్టిన ఇల్లు ఇక్కడ ఉంది. 1881 డిసెంబరు 11న ఆయన మొదటి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్ళోనే. ఏటేటా ఇది మేం పాఠంగా చెబుతాం, పిల్లలు రాసుకుంటారు. పెళ్ళి తర్వాత ఏమయిందో మాత్రం తక్కువగా చెబుతాం. వెలివేత పడింది. వంటవాళ్ళూ, నీళ్ళు మోసేవాళ్ళూ రామన్నారు. రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరి నీళ్ళు మోసి వండి వడ్డించారు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు డబ్బు ఇచ్చి ఆదుకున్నారు. పెళ్ళయిన జంటలకు మర్నాటి నుంచి ఇల్లు కావాలి, తిండి కావాలి. ఆ భారం కూడా వీరేశలింగంగారి మీదే పడింది. ఆ ఇంటి ముందు నిలబడితే నాకు తోచింది ఇదే: ధైర్యం ఒక్కరోజు పని, దాన్ని నిలబెట్టేది నెలనెలా జమాఖర్చు.

ఒక ఆదివారం కడియం వెళ్ళాం. రోడ్డుకు రెండు వైపులా నర్సరీలే. ఒక పనివాడు మొక్కను వేళ్ళ చుట్టూ మట్టి చెదరకుండా గడ్డతో సహా పెళ్ళగించి, నదురుగా ఉన్న కొమ్మలు కత్తిరించేస్తున్నాడు. “అయ్యో, మంచి ఆకులు!” అంది మా అమ్మాయి.

“తియ్యాలండి. ఏరు కొత్త మట్టిలో కుదురుకునేదాకా అన్ని ఆకుల్ని అది మెయ్యలేదండి. కొన్నాళ్ళు నీడన పెడితే మళ్ళీ అదే చిగురేసుద్దండి.”

తిరుగు బస్సులో మా అమ్మాయి, “మనం కేబులు తీయించేసింది అందుకేనా?” అని అడిగి నవ్వింది. కోర్టు కాగితం వచ్చాక అది అలా నవ్వడం అదే మొదలు.

మీరు ఈ ఊరు వస్తే సాయంత్రం పుష్కరాల రేవులో కూర్చుని వంతెనల మీద దీపాలు చూడండి. వీరేశలింగంగారి ఇల్లు చూడండి. కడియానికి ఉదయమే బయలుదేరండి, ఎండ తక్కువ. రాజమండ్రి రోజ్ మిల్కు తాగకుండా మాత్రం వెళ్ళకండి. నా పద్దుల పుస్తకంలో అద్దె, బియ్యం, ఫీజుల కింద ఇప్పుడు ‘షికార్లు’ అని ఒక పద్దు చేరింది. ఈ నెల దాని కింద బస్సు ఛార్జీలూ, రెండు గులాబీ అంట్లూ, రెండు రోజ్ మిల్కులూ ఉన్నాయి.